మిషను దగ్గరికి మనం పోవాలా? మన దగ్గరికి మిషను రావాలా?

ముందు ఒక లెక్క చేద్దాం. కిడ్నీలు రెండూ చెడిపోయిన మనిషి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. ఏడాదికి 156 సార్లు. ఏ. కొండూరు తండాల నుంచి బెజవాడకి పోను 60, రాను 60 కిలోమీటర్లు వేసుకోండి. 156 సార్లకి 18,720 కిలోమీటర్లు అవుతుంది. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లని మేము బడిలో పిల్లలకి చెబుతుంటాం. అంటే తండాలో ఉండే కూలి మనిషి రెండేళ్ళలో ఇంచుమించు భూగోళం చుట్టి వస్తున్నాడన్నమాట! డబ్బున్నోడు ప్రపంచ యాత్ర చేసొస్తే పేపర్లో ఫొటో వేస్తారు. మనవాడు ఆర్టీసీ బస్సులో కాళ్ళవాపులతో, ఆయాసంతో, పక్కన పెళ్ళాన్ని తోడు పెట్టుకుని అంత దూరం తిరిగితే ఎవరికీ పట్టదు. దగ్గర్లో ఎక్కడన్నా మంచం ఖాళీ దొరికినవాడికి దూరం తగ్గుతుంది. దొరకనివాడికి ఇదే లెక్క.

ఈ లెక్కలో కూలి కలపలేదు. మిషను మీద నాలుగు గంటలు. ముందు క్యూ, వెనక బస్సు. ఆ రోజు పని లేదు. మర్నాడు తల తిరుగుడు, నీరసం, ఆ రోజూ లేదు. తోడొచ్చినవాళ్ళ కూలీ కూడా పోయె. నాట్లప్పుడు, కోతలప్పుడు ఇంట్లో రెండు జతల చేతులు ఒక్కసారే ఆగిపోతే ఆ ఇల్లు ఏమవుతుందో డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. డయాలసిస్ వాళ్ళకి ప్రభుత్వం నెలకి 10,000 పెన్షను ఇస్తోంది కదా అంటారు. ఇస్తోంది, కాదనం. పోరాడితే వచ్చింది. కానీ ఆ పదివేలల్లో బస్సెంత తింటుందో, ఆటో ఎంత తింటుందో, సూదిమందులెంత తింటాయో ఎవరన్నా లెక్క కట్టారా?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మిషను దగ్గరికి పోకుండా ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ ఒకటుంది. కొత్తదేం కాదు. మన పేటల్లో చాలామందికి ఆ మాటే తెలీదు, ఎందుకంటే వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

కిడ్నీ చేసే పని రక్తంలో మురికినీ, ఎక్కువైన నీటినీ వడగట్టి ఉచ్చ రూపంలో బయటికి పంపడం. అది ఆగిపోతే రెండు దారులున్నాయి. ఒకటి ఆసుపత్రిలో జరిగే రక్తం డయాలసిస్. చేతి నరానికి సూదులు గుచ్చి, రక్తాన్ని గొట్టాల్లోంచి బయటికి తీసి, సన్నటి దారపు గొట్టాలున్న జల్లెడలోంచి పంపి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతారు. దానికి కరెంటు పోకూడదు. ఒక్కసారి చెయ్యడానికి సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీళ్ళు కావాలి. రోజుకి నాలుగు బిందెల మంచినీళ్ళు రాని పేటలో ఆ మిషను పెట్టలేం, నిజమే.

రెండోది పొట్ట డయాలసిస్. డాక్టర్లు సీఏపీడీ అంటారు. మన పొట్టలో పేగుల చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొరే జల్లెడ. చిన్న ఆపరేషను చేసి బొడ్డు పక్కన మెత్తటి గొట్టం ఒకటి పెడతారు. రెండు లీటర్ల సంచీలో గ్లూకోజు కలిపిన మందునీళ్ళు ఉంటాయి. సంచీని గోడకున్న మేకుకి తగిలిస్తే ఆ నీళ్ళు వాటంతట అవే పొట్టలోకి దిగుతాయి. నాలుగైదు గంటలు లోపలే ఉండి, రక్తంలో మురికిని లాక్కుంటాయి. తర్వాత ఖాళీ సంచీని కింద పెడితే పాత నీళ్ళు అందులోకి వచ్చేస్తాయి. మళ్ళీ కొత్త సంచీ. రోజుకి మూడుసార్లో నాలుగుసార్లో. ఒక్కోసారికి అరగంట. కరెంటు లేదు, సూది లేదు, రక్తం బయటికి తియ్యడం లేదు. నీళ్ళు పల్లానికి పోతాయన్న ఒక్క సూత్రం మీద నడిచే వైద్యం. కాలవ కింద బతికే మనకి ఈ సూత్రం ఎవరు నేర్పాలి? మధ్యలో మనిషి పనికి పోవచ్చు, కొట్టు నడుపుకోవచ్చు, బళ్ళో పాఠం చెప్పుకోవచ్చు. రాత్రి నిద్రలో సంచీలు మార్చే చిన్న పెట్టె లాంటి మిషను కూడా ఉంది, దానికి కరెంటు కావాలి.

ఈ సంచీ పద్ధతిని అమెరికాలో పోపోవిచ్, మాంక్రీఫ్ అనే ఇద్దరు 1976లో బయటపెట్టారు. మన దేశానికి 1991లో వచ్చింది. అదే 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళని చంపి గోనె సంచుల్లో మూటగట్టి కాలవలో పడేశారు. ఆ సంచులు మన దాకా రావడానికి ఒక్క పూట పట్టింది. ఈ సంచీకి ముప్పై ఏళ్ళు దాటినా దారి దొరకలేదు.

ఎందుకు దొరకలేదు? మేము అడిగాం. మా బడిలో చదివే పిల్ల తండ్రికి డయాలసిస్ మొదలుపెట్టాలన్నప్పుడు మేమిద్దరం తోడు వెళ్ళాం. పెద్ద ఆసుపత్రి, పేరెందుకులెండి. "పొట్టతో చేసేది ఉందంట కదా డాక్టరు గారూ, అది ఇస్తారా?" అనడిగాం. ఆయన మావైపు చూసి నవ్వాడు. "మాస్టారూ, అది మీవాళ్ళకి కుదరదండీ. ఇల్లు శుభ్రంగా ఉండాలి, చేతులు శుభ్రంగా ఉండాలి, కాస్త చదువుండాలి. ఇన్ఫెక్షన్ వస్తే చచ్చిపోతారు" అన్నాడు. పేషెంటు ఏం చదివాడో అడగలేదు. అతని ఇల్లు చూళ్ళేదు. ఊరి పేరు, పేట పేరు విన్నాడు, అంతే. ఆ మనిషి పక్కనే నిలబడి వింటున్నాడు.

శుభ్రం! ఎన్ని వేల ఏళ్ళ నుంచి వింటున్నామండీ ఈ మాట? ఊళ్ళో పాయిఖానాలు ఎత్తింది ఎవరు, చచ్చిన గొడ్డుని లాగింది ఎవరు, ఆసుపత్రి వార్డుల్లో ఇవ్వాళ నెత్తురూ చీమూ తుడుస్తున్నది ఎవరు? మీ శుభ్రమంతా మా చేతుల మీదే నడుస్తోంది. మా చేతులు మా పొట్ట దగ్గరికొచ్చేసరికి మైలపడిపోయాయా?

1985 జులైలో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలయ్యింది? మాదిగలు తాగే చెరువు దగ్గర. ఆ నీళ్ళని పాడుచెయ్యొద్దని అడిగినందుకే కదా దాడి చేసి మాదిగలని నరికింది. శుభ్రమైన నీళ్ళ కోసం ప్రాణాలిచ్చిన జాతికి శుభ్రం తెలీదంటారు! నీళ్ళు మీరు ఆపేసి, స్థలం సెంటున్నర ఇచ్చి, డ్రైనేజీ నీళ్ళు మా పేటలోకి వదిలి, తర్వాత మీ ఇల్లు శుభ్రంగా లేదు కాబట్టి మీకు ఫలానా వైద్యం లేదంటే, దాన్ని వైద్యశాస్త్రం అనం. పాత రోగమే తెల్లకోటు వేసుకొచ్చింది అంటాం.

ఇన్ఫెక్షన్ భయం అబద్ధమని మేము చెప్పడంలేదు. సంచీ మార్చేటప్పుడు చేతులు సబ్బుతో బాగా కడగకపోయినా, గొట్టం మూతి తగలకూడనిది తగిలినా పొట్టలో పొర చీము పడుతుంది. బయటికొచ్చే నీళ్ళు తేటగా కాకుండా మబ్బుగా వస్తే, పొట్ట నొప్పి, జ్వరం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదకొస్తుంది. కానీ ఇది నేర్పితే వచ్చే విద్య. ఒకటి రెండు వారాలు దగ్గర కూర్చోబెట్టి చేయించి చూపిస్తే వస్తుంది. సంతకం రాని ఆడవాళ్ళు మిరపనారు ఎంత జాగ్రత్తగా పెంచుతారో, పచ్చి బాలింతనీ పసిగుడ్డునీ ఎలా కాపాడతారో చూసినవాళ్ళెవరూ వాళ్ళకి ఇది రాదనరు. ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్ఎంలున్నారు, వాళ్ళలో మన పిల్లలే ఎక్కువ. వాళ్ళకి నేర్పండి. ఇంటికొక కుళాయి, మూల ఒక చిన్న గది, తలుపు, సబ్బు ఇవ్వండి. ఇవి ఎలాగూ మీరు బాకీ ఉన్నవే.

థాయిలాండు అనే దేశం ఉంది. అక్కడా వరి పండించే పేద పల్లెలే. 2008లో వాళ్ళ ప్రభుత్వం ఉచిత వైద్యం కింద కిడ్నీ రోగులకి ముందు పొట్ట డయాలసిస్సే ఇస్తామని నిర్ణయించింది. సంచీల పెట్టెలు పోస్టు వాళ్ళ చేత రోగి ఇంటికి చేరవేయించింది. పోస్టుమేన్! మన పోస్టుమేన్ కూడా ఊరూరా తిరుగుతూనే ఉన్నాడు కదా. ఆ దేశపు పల్లెల్లో వేలాదిమంది దాని మీద బతికారు. 2022లో ఆ పద్ధతి మార్చి, ఏది కావాలో రోగినే ఎంచుకోమన్నారు. మేమూ అదే అడుగుతున్నాం. అందరూ సంచీయే పెట్టుకోవాలని మేము చెప్పం. ఎంచుకునేది రోగి అయ్యుండాలి, రోగి కులం చూసి డాక్టరు కాకూడదు.

ఇక రెండో కారణం, డబ్బు. 2016 ఫిబ్రవరి 29న ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ బడ్జెట్లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించాడు. ఏటా కొత్తగా 2.2 లక్షలమందికి కిడ్నీలు పూర్తిగా పోతున్నాయని, ఒక్కో డయాలసిస్ కి 2,000 అవుతోందని, ఏడాదికి 3 లక్షల పైమాటేనని ఆ రోజు ఆయనే చెప్పాడు. జిల్లా ఆసుపత్రుల్లో ప్రైవేటు కంపెనీలతో కలిసి నడిపిస్తామన్నాడు. కంపెనీకి ఇచ్చేది ఎలా? ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లకి లెక్క. అప్పుడు కంపెనీకి రోగి ఏమవుతాడు? వారానికి మూడు కోతలు కోసే పంట అవుతాడు. కుర్చీ ఖాళీగా ఉంటే నష్టం, నిండితే లాభం. ఇంట్లో సంచీ పెట్టుకున్నవాడి వల్ల ఆ కుర్చీకి దమ్మిడీ రాదు. ఇందులో ఎవరినో తిట్టాల్సిన పనికూడా లేదు, లెక్క అలా రాశారు. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ పొట్ట డయాలసిస్ ని కూడా ఈ కార్యక్రమంలో కలుపుతూ మార్గదర్శకాలు ఇచ్చింది. కాయితం వచ్చింది. సంచీ రాలేదు. మేము తిరిగిన పేటల్లో ఒక్క ఇంట్లో మేకుకి ఆ సంచీ వేలాడ్డం మేము చూళ్ళేదు.

ఎవరు బతకాలో పైవాళ్ళు కూర్చుని నిర్ణయించడం కొత్తేం కాదు. 1943లో హాలెండ్ దేశాన్ని హిట్లర్ సైన్యం ఆక్రమించుకుని ఉన్న రోజుల్లో, కోల్ఫ్ అనే డాక్టరు మాంసం కూరడానికి వాడే కాయితంలాంటి పల్చటి గొట్టాన్ని చెక్క డ్రమ్ముకి చుట్టి మొదటి కిడ్నీ మిషను చేశాడు. యుద్ధం అయ్యాక తను చేసిన మిషన్లని వేరే దేశాల ఆసుపత్రులకి ఊరికే పంపాడు. ఆయన ఊరికే ఇచ్చినదాని మీద తర్వాత ఎవరెవరు ఎంతెంత సంపాదించారో ఆ కథ వేరు. అమెరికాలో సియాటిల్ నగరంలో 1960 తర్వాత మొదటిసారి ఏళ్ళ తరబడి డయాలసిస్ ఇవ్వడం వీలయ్యింది. మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ. అప్పుడొక కమిటీ వేశారు. లాయరు, పాస్టరు, బ్యాంకరు, గృహిణి, కార్మిక నాయకుడు, ఇలా ఏడుగురు. రోగి ఆదాయం ఎంత, చదువెంత, చర్చికి వెళ్తాడా లేదా, సమాజానికి ఎంత పనికొస్తాడు అని చూసి ఎవరికి మిషను ఇవ్వాలో తేల్చేవాళ్ళు. 1962లో లైఫ్ పత్రిక ఇది బయటపెడితే దేశం ఉలిక్కిపడింది. మనకి మాత్రం ఉలికిపాటు దేనికి? ఆ కమిటీ మన ఊళ్ళో ఎప్పుడూ ఉన్నదే. పేరూ, రిజిస్టరూ లేవంతే.

అక్కడి రోగులు ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. 1971 నవంబరులో షెప్ గ్లేజర్ అనే రోగి అమెరికా పార్లమెంటు కమిటీ ముందుకి మిషనుతో సహా వెళ్ళి, సభ్యులు చూస్తుండగా అక్కడే డయాలసిస్ చేయించుకున్నాడు. తర్వాతి ఏడాది, 1972లో, కిడ్నీలు పోయినవాళ్ళ డయాలసిస్ ఖర్చు ప్రభుత్వం భరించేలా చట్టం వచ్చింది.

ఇక మన బెజవాడ సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్ నగర్ మీద పడింది. రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం, ఎక్కడ చూసినా నీళ్ళే. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ముందెన్నడూ లేనంత వరద. కరెంటు లేదు. జనం డాబాల మీద. కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్ళు దిగలేదు. మునిగినవి ఎక్కువగా మన బతుకులే, పాకీవాళ్ళవి, ఆటోవాళ్ళవి, తాపీమేస్త్రీలవి. డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఒకటి రెండు వాయిదాలు తప్పితే ఏమవుతుందో తెలుసా? ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఆ డాబాల మీద అలాంటివాళ్ళు ఎంతమందున్నారు, వాళ్ళ కోసం ఏ పడవ పోయింది? ఆ లెక్క ఏదని మేము అడుగుతున్నాం. ఆ వరదలో డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. మంచి పనే, మెచ్చుకుంటున్నాం. అన్నం పొట్లం మోసిన డ్రోను రెండు లీటర్ల సంచీని మొయ్యలేదా? మొయ్యగలదు. పడే చోట ఆ సంచీ వాడటం తెలిసిన మనిషి, పొట్టలో గొట్టం ఉన్న మనిషి ముందే ఉండాలి, అంతే.

దివిసీమ వాళ్ళకి ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. నాగాయలంక అవతల ఎదురుమొండి దీవిలో ఉన్నవాళ్ళు వంతెన పూర్తయ్యేదాకా పంటు ఎక్కి కృష్ణ దాటాల్సినవాళ్ళే. తుఫాను హెచ్చరిక వస్తే పంటు ఆగిపోతుంది. వారానికి మూడుసార్లు మిషను కావాల్సిన మనిషి అక్కడ ఎలా బతకాలి?

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇస్తున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పెట్టించుకుంటున్నవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. ఆడమనిషికి జబ్బుచేస్తే వారానికి మూడుసార్లు తోడెవరొస్తారు? "ఏముందిలే, ఒక వారం ఆగు" అంటారు. ఆ వారం ఆగేసరికి ఆమె ఉండదు. అలాంటి ఆమెకి ఇంట్లో సంచీ ఉంటే ఎవరి దయా అక్కర్లేదు. మగవాడికి సంచీ పెడితే మాత్రం ఆ నాలుగు పూటల చాకిరీ కూడా భార్య నెత్తిన పడుతుందేమో! అదీ మన ఇళ్ళల్లో జరిగేదే. సోదరులారా, చెయ్యి ఆడేవాడు తన సంచీ తనే మార్చుకోవాలి.

ఇబ్బందులు దాచిపెట్టి మాట్లాడ్డం మాకు చేతకాదు. రోజుకి నాలుగు సంచీలంటే నెలకి 120. ఒక్కోటి రెండు కిలోల పైన, అంటే పావు టన్ను సరుకు. ఒంటిగది ఇంట్లో ఎక్కడ పెట్టాలి? మన ఎండలకి వేడెక్కకుండా ఎలా దాచాలి? వాడిన సంచీలు ఎక్కడ పారెయ్యాలి? ఈ వైద్యంలో ఒంట్లో మాంసకృత్తులు కూడా నీళ్ళతోపాటు పోతాయి, కాబట్టి గుడ్డో చేపో రోజూ కావాలి. పొట్టలో పెద్ద ఆపరేషన్లు అయినవాళ్ళకీ, గిలకవాపు లాంటివి ఉన్నవాళ్ళకీ కుదరకపోవచ్చు. ఇవన్నీ నిజాలే. గ్రామ సచివాలయం గదిలో సంచీలు నిలవ పెట్టొచ్చు, పదిహేను రోజులకోసారి సరుకు దింపొచ్చు, గుడ్లు అంగన్‌వాడీలో ఇచ్చినట్టే ఇవ్వొచ్చు. మందుషాపులో బీరు సీసాలు నిలవ ఉంచడానికి దొరికిన చోటు మందు సంచీలకి దొరకదా?

ఈమధ్య పేపర్లలో "నడుముకి కట్టుకునే కిడ్నీ వచ్చేస్తోంది" అని రాస్తున్నారు. విక్టర్ గురా అనే డాక్టరు ఐదు కిలోల బెల్టు మిషను చేసి ఏడుగురు రోగుల మీద పరీక్షించాడు, ఆ ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. మిషనులో లోపాలొచ్చి పరీక్ష మధ్యలో ఆపారు. సింగపూరులో కూడా అలాంటిది తయారవుతోంది. మంచిదే, రావాలి, మనకీ కావాలి. కానీ 1976 నాటి సంచీ అందనివాడికి రేపటి బెల్టు ఫొటో చూపించడం ఆకలేసినవాడికి పెళ్ళి శుభలేఖ చూపించినట్టుంది.

కిడ్నీలు ఎందుకు పోతున్నాయన్నది ఇంకో సంచికలో రాస్తాం. షుగరు, బీపీ చూపించుకోకపోవడం, నొప్పి బిళ్ళలు శనగల్లా మింగడం, తండాల్లో తాగే నీళ్ళు, ఉద్దానం కథ, అదంతా పెద్ద సంగతి. ఏ. కొండూరు తండాలకి కృష్ణ నీళ్ళు పైపుల్లో తెచ్చే పథకం కూడా ఎంతమంది పోయాక, ఎన్ని ధర్నాల తర్వాత మంజూరయ్యిందో అక్కడి లంబాడీ సోదరులనే అడగండి.

ఇప్పుడు మేము అడిగేవి ఇవి. ఆరోగ్యశ్రీ పేరు మార్చి ఎన్టీఆర్ వైద్యసేవ అన్నారు. పేరు ఏదైనా సరే, రక్తం డయాలసిస్ కార్డు మీద దొరుకుతున్నట్టే పొట్ట డయాలసిస్ కూడా దొరకాలి. గొట్టం పెట్టే ఆపరేషను, సంచీలు, ఇంటికి చేరవేత అన్నీ కలిపి ఉచితంగా ఇవ్వాలి. సంచీ ఎంచుకున్నారని పదివేల పెన్షను ఆపకూడదు. బెజవాడ, బందరు, గుంటూరు సర్కారు ఆసుపత్రుల్లో నేర్పే గది, నేర్పే నర్సు ఉండాలి, నేర్చుకునే రోజుల్లో తోడొచ్చినవాళ్ళకి కూలి ఇవ్వాలి. డయాలసిస్ మొదలుపెట్టే ప్రతి మనిషికీ రెండు దారులూ తెలుగులో చెప్పి, ఏది కావాలో అడిగినట్టు కాయితం రాయాలి. కుదరదంటే ఎందుకు కుదరదో డాక్టరు ఆ కాయితం మీదే సంతకం పెట్టి రాయాలి. "మీవాళ్ళకి" అన్న మాట ఆ కాయితం మీద ఎలా రాస్తారో చూద్దాం.

సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. వచ్చే నెల మొదటి సోమవారం డయాలసిస్ మీద ఉన్నవాళ్ళమంతా, వాళ్ళ ఇంటివాళ్ళమంతా కలిసి వెళ్తున్నాం. ఆ రోజు వాయిదా ఉన్నవాళ్ళు వాయిదా మానొద్దు, ఇంటి నుంచి ఇంకొకళ్ళని పంపండి. కార్డు, క్రియాటినిన్ రిపోర్టు, డయాలసిస్ పుస్తకం జిరాక్సులు తెచ్చుకోండి. బస్సు టిక్కెట్లు ఉంటే పారెయ్యకండి, ఎన్నుంటే అన్ని తీసుకురండి, దండగా గుచ్చి అర్జీకి కడదాం. నడవలేనివాళ్ళకి ఆటోలు మాట్లాడుతున్నాం. ఆదివారం సాయంత్రంలోగా మీ పేటలో పత్రిక తెచ్చిచ్చే మనిషికి కబురు చెయ్యండి.